పెద్దోడి నవ్వు

ఫిబ్రవరి 6

వదినకి,

నా చేతిరాత చూసి కంగారు పడకండి. పాపకీ నాకూ ఒంట్లో బాగానే ఉంది. ఫోన్ చేద్దామంటే మీ దగ్గర మామయ్య స్పీకరు పెట్టమంటారు, నా దగ్గర మీ తమ్ముడు పక్కనే కూర్చుని ప్రతి మాటకీ తల ఊపుతారు. ఇది ఇద్దరూ వినకూడని సంగతి. అందుకని దుకాణంలో భోజనాల వేళ, కళ్లద్దాల పెట్టెలు పక్కకి జరిపి రాస్తున్నాను.

మీ తమ్ముడు మారిపోయారు వదినా. ఎప్పటినుంచి అంటే చెప్పలేను. గోడ మీద చెమ్మ ఎక్కినట్టు, కనిపించేసరికే చాలా మేర పాకింది.

పోయిన వారం ఒక ఆఫీసులో లిఫ్టు బాగుచెయ్యడానికి వెళ్లి, అక్కడ ఎవరిదో భోజనం డబ్బా తీసి తినేశారట. ఆ మనిషి వచ్చి చూస్తే, “కూర్చోండి, బాగుంది, మీరూ తినండి” అన్నారట. సూపర్‌వైజరు నాకు ఫోన్ చేసి చెప్పాడు. ఇంటికొచ్చాక అడిగాను. “ఆకలేసింది. అక్కడ ఉంది” అన్నారు. అని నవ్వారు. తప్పు చేసినవాడి నవ్వు కాదది. నాకు ఒళ్లు మండింది, నిజం చెప్పొద్దూ.

మొన్న నన్ను తీసుకెళ్లడానికి దుకాణానికి వచ్చారు. ఒక పెద్దావిడ అద్దం ముందు ఫ్రేములు పెట్టుకుని చూసుకుంటోంది. ఈయన పక్కకి వెళ్లి, “ఏది పెట్టుకున్నా మొహం అదే కదండీ” అన్నారు. చెంప మీద తట్టారు కూడా. ఎదుటివాళ్లు నొచ్చుకుంటారని తన నొప్పి కూడా చెప్పని మనిషి వదినా ఈయన. పాపకి జ్వరం వస్తే రాత్రంతా ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి. ఈసారి జ్వరం వస్తే టీవీ సౌండు పెంచారు, అది మూలుగుతోందని.

చీలమండల నొప్పి మళ్లీ మొదలైంది. పెళ్లయిన కొత్తలో ఒక్క మెట్టు దిగుతూ కాలు విరగ్గొట్టుకున్నారు, గుర్తుందా. లిఫ్టుల మనిషికి మెట్లు అచ్చిరావని అందరం నవ్వుకున్నాం.

చిన్నప్పుడు ఎప్పుడైనా ఇలా ఉండేవారా? మీ ఇంట్లో ఇంకెవరైనా ఇలా అయ్యారా? నన్ను అపార్థం చేసుకోకుండా జవాబు రాయండి.

మీ మరదలు


ఫిబ్రవరి 15

మరదలికి,

నీ ఉత్తరం అందింది. వెంటనే రాయలేకపోయాను, స్కూలు యూనిఫారాల పని మీద పడింది. ఈ గదిలో నేను, మిషను, బట్టల గుట్ట. నాకు చోటు మిగలట్లేదు. పోయినేడు నడుము బిగించమన్నావిడే ఈ ఏడు వదులు చెయ్యమని వచ్చింది. నేను బట్ట కత్తిరించకుండా లోపలికి మడిచి కుట్టానని చూసి తెగ మెచ్చుకుంది. ఆవిడ సంగతి ఆవిడకంటే నాకే బాగా తెలుసని చెప్పలేను కదా.

ఇక వాడి సంగతి. మా చిన్నోడు మొదటినుంచీ నవ్వుమొహంవాడే. మగవాళ్లకి నలభై దగ్గరపడుతుంటే ఒక విసుగు పుడుతుంది, అది పోతుంది. పొద్దంతా గ్రీజులో, చీకటి గొట్టాల్లో పనిచేసి వచ్చిన మనిషిని చెప్పులు విడవకముందే నిలదీస్తే ఏం చెప్తాడు, నవ్వుతాడు. నిన్ను తప్పు పట్టడం లేదు. కొంచెం మెత్తగా ఉండి చూడు. కాలికి వేడినీళ్ల కాపడం పెట్టు.

ఒక్క సంగతి మాత్రం రాయి. నవ్వేటప్పుడు చప్పుడు వస్తుందా, రాదా? గుమ్మంలో నిలబడుతున్నాడా, లోపలికి రాకుండా, బయటికి పోకుండా? ఊరికే అడుగుతున్నాను.

నాన్నకి మటుకు ఏమీ తెలియనివ్వకు.

నీ వదిన


మార్చి 2

వదినకి,

మీ ఉత్తరం దుకాణంలో నిలబడి చదివాను. చివరికి వచ్చేసరికి స్టూలు లాక్కుని కూర్చున్నాను.

చప్పుడు రాదు. నోరు తెరుచుకుంటుంది, భుజాలు ఊగుతాయి, ఊపిరి ఒక్కటే వినిపిస్తుంది. గుమ్మంలో నిలబడతారు. రోజూ మధ్యాహ్నం, వంటగది గుమ్మంలో. ఒక చెయ్యి ఇటు, ఒక చెయ్యి అటు. నేను మొదటి ఉత్తరంలో ఈ రెండూ రాయలేదు. మీకెలా తెలుసు?

మధ్యాహ్నం ఇంట్లో ఎందుకున్నారంటే, ఉద్యోగం పోయింది. ఒక అపార్ట్‌మెంటులో లిఫ్టు మధ్యలో ఆగింది. లోపల ఒక ముసలాయన, ఒక చంటిపిల్ల తల్లి. ఈయన పైకెక్కి, లిఫ్టు నెత్తిన కూర్చుని, కింద వాళ్లు అరుస్తుంటే నవ్వుతూ ఉండిపోయారట. కావాలని కాదు. ఏం చెయ్యాలో మర్చిపోయారు. ఏళ్ల తరబడి చేసిన పని. ఇంకో మెకానిక్ వచ్చి దింపాడు. ఆ ముసలాయనకి ఏమీ కాలేదు, అదొక్కటే దేవుడి దయ.

ఆ సాయంత్రం పక్కన కూర్చుని మెల్లగానే అడిగాను, మీరు చెప్పినట్టే మెత్తగా. “ఏమైంది మీకు? ఎందుకలా నవ్వుతారు?”

నా మొహంలోకి చూశారు. తరవాత, “ఇది నాది కాదు. పెద్దన్నయ్యది” అన్నారు.

“ఏది?”

“నవ్వు.”

అంతే. లేచి వెళ్లి గుమ్మంలో నిలబడ్డారు.

మీ పెద్దన్నయ్య నిచ్చెన మీదనుంచి పడి పోయారని కదా పెళ్లప్పుడు మామయ్య చెప్పారు? ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటి కూడా లేకపోతే, చూస్తే బాధని తీసేశారనుకున్నాను. ఆయన ఎవరు వదినా? ఎలాంటి మనిషి?

పాప గదిలో పడుకుంటున్నాను. మీరు వెంటనే రాయాలి.

మీ మరదలు


మార్చి 12

మరదలికి,

నాన్న కింద పేపరు చదివించుకోవడానికి లాండ్రీవాళ్ల దగ్గరికి వెళ్లారు. వచ్చేలోగా ముగించాలి.

పెద్దోడు నాకంటే పెద్ద. ఇళ్లకి రంగులు వేసేవాడు. వాడు తీర్చిన అంచు చూస్తే దారం పట్టి గీసినట్టుండేది. పాడుతూ పనిచేసేవాడు. చిన్నోణ్ని భుజాల మీద ఎక్కించుకుని ఊరంతా తిప్పేవాడు, వాళ్లిద్దరికీ తండ్రీకొడుకులంత తేడా. మీ ఆయనకి మంచితనం ఎక్కడిదని అడిగితే, నేను పెద్దోడి దగ్గర నేర్చుకున్నాడనే చెప్తాను.

ముప్పై దాటాక వాడు పాడైపోయాడు. ఆ మాటే అనుకున్నాం మేము. పనికి వెళ్లిన ఇంట్లో సోఫా మీద పడుకునేవాడు. అరుగు మీద కూర్చున్న ముసలమ్మల్ని పట్టుకుని పిచ్చి మాటలనేవాడు. నడక తూలేది. ఒంటి మీద ఎప్పుడూ రంగు కలిపే నూనె వాసన. నాన్న అది తాగిన వాసనే అన్నారు. అందరం అదే నమ్మాం. వాడు గుమ్మంలో నిలబడి చప్పుడు లేకుండా నవ్వుతుంటే నేను వంటింట్లో చేస్తున్న పని వదిలేసి పెరట్లోకి వెళ్లిపోయేదాన్ని. సొంత అన్నని చూసి భయపడ్డాను.

అమ్మ పోయిన రోజు ఇల్లంతా జనం. వాడు అమ్మ తల దగ్గర నిలబడి నవ్వాడు. నాన్న లేచి వాణ్ని రెక్క పట్టుకుని వీధిలోకి తీసుకెళ్లి తలుపు వేశారు. వాడు బయట నిలబడి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. మూడేళ్ల తరవాత ఎక్కడో అనాథల ఆశ్రమంలో మూర్ఛలొచ్చి పోయాడని కబురొచ్చింది. “తాగి పోయాడని చెప్పుకుంటామా, నిచ్చెన మీదనుంచి పడ్డాడనండి” అన్నారు నాన్న. ఆ తరవాత ఆయన నోట వాడి మాట రాలేదు.

నువ్వు నవ్వుకుంటావేమో, నవ్వుకో. పెద్దోడు ఎక్కడికీ పోలేదని నాకు చాలాసార్లు అనిపించింది. మిషను ఆపినప్పుడు నా వీపు వెనక గుమ్మంలో ఎవరో ఊపిరి తీసినట్టుంటుంది. తిరిగి చూడను. ఇంటికి రానివ్వలేదని వాడు చిన్నోడి ఒంట్లోకి వచ్చాడని, నీ ఉత్తరం చదివాక, నాకు గట్టిగా అనిపిస్తోంది. వాడికి చిన్నోడంటే ప్రాణం. ఇంకెక్కడికి పోతాడు?

పాపని కొన్నాళ్లు నా దగ్గరికి పంపించు. వాణ్ని ఒంటరిగా బయటికి పోనివ్వకు.

నీ వదిన


ఏప్రిల్ 3

వదినగారికి,

మీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. కోపంలో రాయకూడదని ఆగాను. కోపం తగ్గలేదు, రాస్తున్నాను.

మీ అందరికీ తెలుసు. ఒక కొడుకు అలా అయ్యాడని తెలిసి, రెండో కొడుకుకి పెళ్లి చేసి, నిచ్చెన కథ చెప్పారు. తెలిసుంటే ఈ పెళ్లి చేసుకునేదాన్ని కాదని అనను, ఈయన నాకు ఏ లోటూ చెయ్యలేదు. కానీ తెలుసుకునే హక్కు నాదా కాదా? ఇప్పుడు పాపని పంపమంటున్నారు. పిల్లని నా దగ్గర ఉంచితే ఏం జరుగుతుందనుకుంటున్నారు? నా కూతుర్ని నేను చూసుకోగలను. దెయ్యాల సంగతి నాకు రాయకండి. ఇంట్లో ఉన్న భయం నాకు సరిపోతుంది.

కబురు మాత్రం చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. మీ తమ్ముడు బస్సు దిగుతూ రెండో కాలు విరగ్గొట్టుకున్నారు. ఎముకల డాక్టరు ఎక్స్‌రే దీపానికి పెట్టి చూశారు. నన్ను పిలిచి చూపించారు. చీలమండల్లో బొక్కలు. రొట్టె ముక్కలో ఉంటాయే, అలా. చేతి మణికట్లకి కూడా తీయించారు. అక్కడా అంతే.

“ఈయన మనిషి ఏమైనా మారాడామ్మా?” అని అడిగారు.

ఎముకలు చూసే డాక్టరు ఆ మాట ఎందుకడిగారో అర్థం కాలేదు. కానీ ఇన్నాళ్లలో ఎవరూ అడగని మాట అది. అక్కడే కూర్చుని ఏడ్చాను. ఈయన నా తల మీద తట్టి, “ఊరుకో, బొక్కలే కదా” అన్నారు.

మెదడు స్కానింగ్ తీశారు. పెద్ద ఆసుపత్రికి రాశారు. అక్కడ రక్తం తీసుకుని, ఇంట్లోవాళ్ల రక్తం కూడా కావాలన్నారు. మీదీ, మామయ్యదీ. మీ పెద్దన్నయ్యకి ఎప్పుడైనా ఎముకలు విరిగాయేమో కనుక్కోమన్నారు.

పాప స్కూల్లో పరుగు పందెంలో పడి మడమ బెణికించుకుంది. అది కుంటుతూ ఇంట్లోకి వస్తుంటే చూశాను. నాకేమైందో మీరు ఊహించుకోండి.

ఉంటాను


ఏప్రిల్ 14

మరదలికి,

గారు తగిలించి రాశావు. సరే.

మేము ఎవరినీ మోసం చెయ్యలేదు. తాగుబోతు అన్న ఉన్నాడని తమ్ముడి పెళ్లిలో డప్పు కొట్టి చెప్తారా ఎవరైనా? అది ఒంటి జబ్బని మాకు కలలో కూడా తోచలేదు. పాపని పంపమన్నది నీ దగ్గరనుంచి లాక్కోవడానికి కాదు. నాకు పిల్లల్లేరు కదా, ఆ మాట నీకు అలా వినిపించి ఉంటుంది. నేను చిన్నప్పుడు భయపడిన గుమ్మం ముందు ఇంకో ఆడపిల్ల నిలబడకూడదని రాశాను.

నాన్నని రక్తం అడిగాను. చిన్నోడి కాలు విరిగిందని మాత్రమే చెప్పాను. “కాలు విరిగితే కట్టు కడతారు, తండ్రి రక్తం ఎందుకు? మా రక్తంలో ఏ వంకా లేదని చెప్పు” అన్నారు. భోజనం మధ్యలో లేచిపోయారు. నాకూ అలాగే అనిపించింది. ఎముకకీ నవ్వుకీ ఏమిటి సంబంధం? ఆ డాక్టరు తనకి తెలియనిది తెలిసినట్టు చెప్తున్నారేమో.

ఇంతవరకు రాసి, కలం పక్కన పెట్టి, ఒక ప్యాంటుకి జిప్పు మార్చాను. మార్చుతుండగా గుర్తొచ్చింది.

పెద్దోడికి రెండు మణికట్లూ విరిగాయి. ఒకటి ముక్కాలిపీట మీదనుంచి దిగుతూ, ఇంకోటి ఆ మరుసటేడు, నీళ్ల బకెట్టు ఎత్తుతూ. ముప్పై రాకముందే. మొదట కుడిది విరిగినప్పుడు, నొప్పికి కుంచె పట్టుకోలేక ఎడమచేత్తో రంగు వేయడం నేర్చుకున్నాడు. అప్పుడు మేమంతా నవ్వాం, రంగులవాడికి పీట ఎక్కడం రాదని. నువ్వు రాసిన లిఫ్టుల మనిషి మెట్లలాగే.

డాక్టరుకి ఈ మాట చెప్పు. నేను నాన్నకి చెప్పకుండా రేపు వెళ్లి రక్తం ఇస్తాను.

నీ వదిన


జూన్ 20

వదినా,

పరీక్ష వచ్చింది. పెద్ద ఆసుపత్రి డాక్టరమ్మ చాలాసేపు కూర్చోబెట్టి చెప్పింది. నేను అర్థం చేసుకున్నది రాస్తాను, మీరు నెమ్మదిగా చదవండి.

మన ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయి కదా, జబ్బులొస్తే పోరాడేవి. అవి ఒక్క పోరాటమే కాదు, ఊడవడం కూడా చేస్తాయట. మెదడులో పాడైన చెత్తని ఎత్తిపోసేవి కొన్ని. ఎముకలో పాతది తొలిచి కొత్తదానికి చోటు చేసేవి కొన్ని. ఈ రెండూ దాయాదులే. ఆ కణాల పైపొర మీద బయటి సంగతి పసిగట్టే గ్రాహకాలు ఉంటాయి. వాటికి పసిగట్టడమే తెలుసు, లోపలికి కబురు చెప్పడం తెలియదు. పక్కనే అంటిపెట్టుకుని ఒక చిన్న ప్రోటీన్ ఉంటుంది. కబురు మోసేది అదే. దాని పేరు డాప్-12. మీ తమ్ముడి ఒంట్లో అది తయారవడం లేదు. పుట్టినప్పటినుంచీ లేదు. అందుకే ఎముకల్లో బొక్కలు, అందుకే మెదడు ముందు భాగం పాడవుతోంది. మర్యాద, సిగ్గు, జాలి, ఎదుటివాళ్లు ఏమనుకుంటారోనన్న ఆలోచన, అవన్నీ అక్కడే ఉంటాయట.

ఈయన అంతా విన్నారు. విననట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నారు. “అంటే బటన్లున్నాయి, మెషిన్ రూముకి వైరు లేదు” అన్నారు. డాక్టరమ్మ రాయడం ఆపేసి ఆయన్ని చూసింది. “అంతేనండీ” అంది. ఆ ఒక్క నిమిషం ఆయన నా మొగుడే వదినా. తరవాత ఆవిడ బల్ల మీది టీ తీసుకుని తాగేశారు.

ఇది రావాలంటే తల్లి దగ్గరనుంచీ తండ్రి దగ్గరనుంచీ, రెండు వైపులనుంచీ పాడైన జన్యువు రావాలి. ఒక్కటే ఉన్నవాళ్లకి ఏమీ కాదు. అత్తయ్య, మామయ్య దూరపు చుట్టాలన్నారు కదా, ఇద్దరి దగ్గరా ఒక్కొక్కటి ఉండుండాలి. మీలో ఒక్కటే ఉంది, మీకు భయం లేదు. పాపలో కూడా ఒక్కటే. దానికి ఈ జబ్బు రాదు. ఈ మాట ఆవిడ చేత మళ్లీ చెప్పించుకున్నాను. మడమ బెణుకు వట్టి బెణుకే.

మీ పెద్దన్నయ్యది కూడా ఇదే అయ్యుంటుందన్నారు. ఆ మణికట్లు, ఆ నడక, ఆ మూర్ఛలు. ఆయన్ని ఎవరూ పరీక్ష చెయ్యలేదు కాబట్టి రాసివ్వలేరట, కానీ నాతో మాట్లాడుతున్నప్పుడు ఆవిడకి సందేహమేమీ ఉన్నట్టు లేదు. ఆయన తాగలేదు వదినా. ఈయన నోట కూడా ఎప్పుడూ మందు పడలేదు, నడక చూడండి ఎలా తూలుతోందో.

ఈ జబ్బుకి మందు లేదు. మూర్ఛలకి ఇస్తారు, నొప్పులకి ఇస్తారు. మనిషిని వెనక్కి తెచ్చేది లేదు. కొన్నేళ్లు అన్నారు. ఎన్నని నేను అడగలేదు.

దెయ్యమని మీరు రాసినప్పుడు మీ మీద కోప్పడ్డాను. ఇప్పుడు అప్పుడప్పుడు, దెయ్యమైనా బాగుండేదనిపిస్తుంది. కాళ్లు పట్టుకుని బతిమాలేదాన్ని.

ఇలా ఎక్కువ రోజులు గడవదు. నేను దుకాణానికి వెళ్తే ఆయన్ని చూసేవాళ్లు లేరు. మొన్న గ్యాసు తిప్పి వెలిగించడం మర్చిపోయారు. ఒక చోటు చూసి వచ్చాను. మీ వీలు చూసుకుని రాస్తే ఆ సంగతి మాట్లాడుకుందాం.

మీ మరదలు


జూలై 5

అమ్మాయ్,

నీ ఉత్తరం మిషను బల్ల మీద పరుచుకుని, అర్థమయ్యేదాకా చదివాను. ఆ ప్రోటీన్ పేరు సుద్దతో బల్ల చెక్క మీద రాసుకున్నాను. ఇంత చిన్న పేరు. పెద్దోణ్ని వీధిలో పెట్టింది ఇదా అని దాన్ని చూస్తూ కూర్చున్నాను. వచ్చినావిడ తన గౌను తయారైందా అని అడుగుతుంటే ఏం చెప్పానో నాకే తెలియదు.

నాన్నకి చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. పొద్దున టీ తాగుతుండగా, ఆయన పక్కన కూర్చుని, నీ ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు చదివాను. ఎముకలూ, మెదడూ, తల్లివైపూ తండ్రివైపూ, అన్నీ. చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని విన్నారు. ఎనభై దగ్గరపడుతున్న మనిషి, ఒక్కసారి కూడా మధ్యలో అడ్డం రాలేదు.

అయిపోయాక, “అయితే వాడు తాగలేదా?” అన్నారు.

“లేదు నాన్నా.”

“ఆ వాసన?”

“రంగులో కలిపే నూనె.”

“అది నాకు తెలుసు” అన్నారు. కప్పు సాసర్లో పెట్టి పక్కకి జరిపారు. “అది నూనె వాసనని నాకు తెలుసమ్మా. తాగాడనుకుంటే కోపం తెచ్చుకోవచ్చు కదా.”

ఆ తరవాత ఆయన మాట్లాడలేదు. ఆ రోజూ మాట్లాడలేదు, తరవాతా మాట్లాడలేదు. పేపరు చదివించుకోవడానికి కిందికి వెళ్లలేదు. లాండ్రీవాళ్లు పెద్దాయనకి ఒంట్లో బాగాలేదా అని పైకి వచ్చి చూసి వెళ్లారు. నేను మిషను ఆపినప్పుడల్లా గుమ్మంలో ఊపిరి వినిపించేదని రాశాను కదా. ఇప్పుడు వినిపించేది పక్కగదిలో నాన్నది. పెద్దోడిది వినిపించడం మానేసింది. అది మానేశాక నాకు ఎక్కువ భయంగా ఉంది. వాడు లేడని ఇప్పుడే తెలిసినట్టుంది.

ఇక నీ మాట. ఒక చోటు చూశానన్నావు. నీ కష్టం నాకు తెలియక కాదు. దుకాణం, పిల్ల, వీడు. కానీ ఒక్కణ్ని అలా పంపేశాం. ఆశ్రమంవాళ్ల కబురు కార్డు ముక్క మీద వచ్చింది, వాడి చెప్పులు కూడా పంపలేదు. రెండోవాణ్ని కూడా పంపించకు. నేను ఈ గది ఖాళీ చేసి వచ్చేస్తాను. కుట్టుపని ఎక్కడైనా దొరుకుతుంది. నువ్వు వద్దంటే వాణ్ని ఇక్కడికి పంపు. ఏదో ఒకటి చెయ్యి గానీ అది మాత్రం చెయ్యకు.

నిన్న రాత్రి నాన్న నోరు విప్పారు. “చిన్నోడి దగ్గరికి తీసుకెళ్లు” అన్నారు. ఆదివారం బస్సుకి వస్తున్నాం. ఆయన్ని లోపలికి రానిస్తావో లేదో నాకు తెలియదు. రానివ్వకపోయినా నీ తప్పు లేదు.

వదిన


ఆగస్టు 30

వదినకి,

మీరు వెళ్లాక ఇవాళే కాస్త తీరిక దొరికింది. మీరు వచ్చిన హడావిడిలో చెప్పడం కుదరలేదు. నేను చూసి వచ్చిన చోటు ఆశ్రమం కాదు వదినా. ఇల్లు. నేలమీది ఇల్లు, మెట్లు లేనిది, గడప కూడా లేనిది. ఈ కాళ్లతో మూడో అంతస్తు ఎలా ఎక్కుతారని వెతికాను. మీ ఉత్తరం చదివి ముందు ఏడుపొచ్చింది, తరవాత నవ్వొచ్చింది. మనమిద్దరం ఎదురెదురుగా కూర్చుని ఉంటే ఇందులో సగం అపార్థాలు పుట్టేవే కావు. అయినా ఎదురుగా ఉంటే సగం మాటలు చెప్పుకునేవాళ్లమూ కాదు.

పోయిన వారమే మారాం. గోడలకి సున్నం తప్ప ఏమీ లేదు. పాప తన గదికి నీలం రంగు వేస్తానంటోంది.

ఆ రోజు మామయ్య మీతో తిరిగి రాకుండా మా దగ్గరే ఉంటానన్నప్పుడు నేను లోపల గట్టిగా వద్దనుకున్నాను. మీతో అనలేదు. ఒక్కణ్ని తట్టుకోలేకపోతున్నాను, ఇద్దరెందుకని. ఇప్పుడు నేను దుకాణానికి వెళ్తే ఈయన్ని చూసుకునేది మామయ్యే. పొద్దున గడ్డం గీస్తారు. ఆయన చేతులు వణుకుతాయి, ఈయన మొహం ఆడిస్తారు, రోజూ ఎక్కడో చిన్న గాటు. రక్తం వస్తే ఇద్దరూ అద్దంలో చూసుకుని చప్పుడు లేకుండా నవ్వుతారు. మామయ్య కూడా. మొదటిసారి చూసినప్పుడు వంటగదిలోకి వెళ్లిపోయాను, ఇప్పుడు అలవాటైంది.

మీ తమ్ముడికి జబ్బు ఇంకాస్త ముదిరింది. పాప పేరు కొన్నాళ్లుగా రావడం లేదు, “ఆ పొడుగు జడ” అంటారు. అది ముందు తలుపేసుకుని ఏడ్చింది. ఇప్పుడు ఆ పేరుకే పలుకుతోంది. ఒకసారి మూర్ఛ వచ్చింది, మాత్ర పెంచారు. డాక్టరమ్మ చెప్పిన కొన్నేళ్లు పొడుగువి కావని నాకు అర్థమవుతోంది.

నిన్న జరిగింది రాయాలని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇన్ని రాసినా ఇంకా అక్కడికి రాలేదు.

మామయ్య ఈ మధ్య ఈయన్ని పెద్దోడా అని పిలుస్తున్నారు. ముందు నోరు జారిందనుకున్నాను. “ఈయన చిన్నోడు మామయ్యా” అని చెప్పాను. తల ఊపారు, మళ్లీ అదే. ఆయనకి తెలియక కాదు, బుర్ర బాగానే ఉంది, పాలవాడి దగ్గర చిల్లర పైసాతో సహా అడుగుతారు. మనసుకి కష్టంగా ఉంది. ఉన్న మనిషి ఉండగానే ఇంకొకరి పేరేమిటని. ఆ పేరుతో ఈయన్ని ముందే పంపేస్తున్నారా అనిపించింది. నిన్న దుకాణంనుంచి వస్తూ, ఇవాళ గట్టిగా చెప్పెయ్యాలనుకున్నాను.

తలుపు తీసే ఉంది. ఇద్దరూ ముందుగదిలో నేల మీద కూర్చున్నారు. ఈయన గోడకి ఆనుకుని, ఆయన ఎదురుగా. మామయ్య ఈయన రెండు మణికట్లూ తన చేతుల్లో పట్టుకుని బొటనవేళ్లతో నెమ్మదిగా రాస్తున్నారు, నొప్పి ఉన్నచోట. నేను వచ్చింది ఇద్దరూ చూడలేదు.

“పెద్దోడా” అన్నారు మామయ్య.

“ఊఁ” అన్నారు ఈయన.

“నన్ను చూసి భయపడుతున్నావా?”

“లేదు.”

“కోపమా?”

ఈయన ఆలోచించారు. ఈ మధ్య ఈయన దేని గురించీ ఆలోచించడం నేను చూడలేదు. “ఆకలి” అన్నారు.

మామయ్య తల వంచుకున్నారు. నాకు వినపడీ వినపడనట్టు, “ఇంటికి వచ్చెయ్యి నాయనా” అన్నారు.

ఈయన చుట్టూ చూశారు. సున్నపు గోడలు, మూటగట్టిన గిన్నెలు, వాకిట్లో నేను. నన్ను చూసి కూడా గుర్తుపట్టారో లేదో. మళ్లీ మామయ్య వైపు తిరిగి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు.

“ఇంట్లోనే ఉన్నాను కదా నాన్నా.”

నేను చెప్పాలనుకున్నది చెప్పలేదు. చేతిసంచీ పక్కన పెట్టి అన్నం పెట్టాను. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు.

మీ మరదలు